పుండు నొప్పి లేదా? నాకు భయం అక్కడే

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర పల్లె. నేను ఇంజినీరింగ్ చదివాను. అమ్మకు 56 ఏళ్లు, చదువు రాదు. తొమ్మిదేళ్లుగా షుగర్. పక్కింటి పిన్నమ్మ, ఊళ్లో ఆర్‌ఎంపీ ఏం చెబితే అదే. కాకర రసం తాగుతూ రెండు నెలలుగా మాత్రలు మానేసింది. నేను నెట్‌లో చదివి చెప్పినా వినదు. హెచ్‌బీఏ1సీ 10 వచ్చింది, కొంచెమే ఎక్కువ. అలిపిరి మెట్లెక్కి వచ్చాక మూడు వారాలుగా అరికాల్లో చిన్న పుండు ఉంది, నొప్పి లేదు. అమ్మలాంటి వాళ్లకు సరైన సమాచారం ఎక్కడ దొరుకుతుంది?

డాక్టర్ సలహా: సమాచారం సంగతి తర్వాత, ముందు అమ్మ కాలు చూద్దాం. చెప్పుల్లేకుండా 3,550 మెట్లెక్కితే బొబ్బలు ఎవరికైనా వస్తాయి. మామూలుగా అయితే రెండో రోజుకే కుంటుతాం, జాగ్రత్త పడతాం. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి అరికాలి నరాలు మొద్దుబారతాయి. నొప్పి తెలియదు కాబట్టి ఆ పుండు మీదే నడుస్తూ ఉంటారు. అది పైకి రూపాయి బిళ్లంత కనిపించినా లోపల ఎముక దాకా పోయి ఉండొచ్చు. కాలు చూడకుండా ఇంతకంటే కచ్చితంగా చెప్పలేను. కానీ మూడు వారాలు ఆగడమే ఎక్కువ. రేపే తిరుపతిలో రుయా ఆసుపత్రికో, స్విమ్స్ ఆసుపత్రికో, మీకు అలవాటైన సర్జన్ దగ్గరికో తీసుకెళ్లండి. జ్వరం, వాసన, పాదం నల్లబడటం, వాపు పైకి పాకడం ఉంటే రేపటిదాకా కూడా వద్దు. ఈలోగా పసర్లు, పసుపు పూయకండి, వేడినీళ్లలో కాలు పెట్టనివ్వకండి. కాలినా ఆమెకు తెలియదు. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనకండి. మాత్రలు మళ్లీ ఏ డోసుతో మొదలుపెట్టాలో అక్కడి డాక్టరే చెప్పాలి.

ఇక మీ సంగతి. హెచ్‌బీఏ1సీ 10 అంటే కొంచెం కాదు బాబూ. మూడు నెలల్లో ఆమె రక్తంలో షుగర్ సగటున 240 దగ్గర తిరిగిందన్నమాట. రెండొందలు, మూడొందలు విని అలవాటైన చెవికి పది చిన్నగానే వినిపిస్తుంది. నా ఓపీలో లెక్చరర్లు కూడా ఇదే పొరపాటు చేస్తారు. అమ్మ పిన్నమ్మను అడిగింది, మీరు ఫోన్‌ను అడిగారు. కాలు మాత్రం ఇద్దరిలో ఎవరూ డాక్టర్‌కు చూపించలేదు.

పిన్నమ్మ మాట ఆమె ఎందుకు వింటుందో నాకు తెలుసు. పిన్నమ్మకు తీరిక ఉంది, మాకు రెండు నిమిషాలే. ఈ తప్పు మాదీ. మీ ఊరి ఆశా కార్యకర్తతో మాట్లాడించండి, 104 బండి వచ్చినప్పుడు పిన్నమ్మను కూడా వెంటబెట్టుకెళ్లండి. డాక్టర్ చెప్పింది అమ్మ చేత తిరిగి చెప్పించండి: ఏ మాత్ర, ఎప్పుడు, తిండికి ముందా తర్వాతా. నేను ఇలా అడిగితే పదిమందిలో సగం మంది తడబడతారు.

రేపు వెళ్లేటప్పుడు పాత చీటీలతో పాటు, ఇంట్లో ఆమె వాడుతున్న పొడులు, మాత్రలు అన్నీ సంచిలో వేసుకెళ్లండి. బస్‌స్టాండ్ దాకా నడిపించకండి, ఆటో మాట్లాడండి.