మా పిల్లలకు గాలం చేతికివ్వక ముందు ఏం నేర్పానంటే

మీరు అడిగింది: తిరుపతిలో ఉంటున్నాం, బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు ఆరు. సెలవుల్లో గాలం వేయడం నేర్పాలనీ, పులికాట్‌లో పడవ ఎక్కించాలనీ ఉంది. కానీ నీళ్లంటే టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?

నేను పుట్టింది వాకాడు వైపు, సముద్రం పక్కన. మెట్టినిల్లు తిరుపతి. మా మేనమామ నలభై ఏళ్లు వేటకు వెళ్లిన మనిషి. ఇంత ఉండీ, నా కూతుర్ని మొదటిసారి పడవ ఎక్కించిన రోజు తప్పు చేసింది నేనే. ముందు అది చెప్తాను.

నాలుగేళ్ల కిందట, జనవరిలో, పక్షుల పండగకని సూళ్లూరుపేట వెళ్లాం. అటునుంచి తడ వైపు పోయి సరస్సులోకి పడవ మాట్లాడుకున్నాం. పెద్దా చిన్నా కలిసి తొమ్మిది మందిమి. పాపకు దొరికింది పెద్దవాళ్ల లైఫ్ జాకెట్. కూర్చుంటే అది చెవుల దాకా లేచేది. "నీళ్లు నడుము లోతే కదా" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మధ్యలో ఫ్లెమింగోల గుంపు ఒక్కసారిగా పైకి లేచింది. అప్పటిదాకా తెల్లగా కనబడినవి రెక్కలు విప్పేసరికి లోపలి ఎరుపు మెరిసింది. "అటు చూడండ్రా!" అని అరిచింది నేనే. అందరం ఒకే పక్కకు ఒరిగాం. అంచు కిందికి దిగి బకెట్టెడు నీళ్లు లోపలికి వచ్చాయి. మా ఆయన ఫోన్ సరస్సు పాలు. పడవాయన రెండో పక్కకు ఒక్క అంగ వేసి "లేవబాకండి, కూర్చోండి!" అని కేకేశాడు.

కుదుటపడ్డాక ఆయన గెడకర్రను నీళ్లలోకి దించి మాకు చూపించాడు. నడుము లోతు వరకు నీళ్లే. అక్కడి నుంచి కర్ర ఇంకో మోకాలి లోతు బురదలోకి మెత్తగా దిగిపోయింది. "నిలబడొచ్చు అనుకుంటారు మీరు. కాలు దిగబడితే మళ్లీ రాదు," అన్నాడు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగినప్పుడు టీవీ ముందు కూర్చుని వణికినదాన్నే. ఆ రోజు అది గుర్తుకే రాలేదు.

కాబట్టి పడవ సంగతి ఇంట్లోనే మొదలుపెట్టండి. జాకెట్ తొడిగి, బకిళ్లు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి పైకొస్తే ఆ సైజు పనికిరాదు. చిన్నపిల్లలకు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది కొనండి. అది లేకపోతే నీళ్లలో జాకెట్ తేలుతుంది, పిల్ల జారుతుంది. ఆ తర్వాత దాన్ని వేసుకునే లోతు తక్కువున్న ఈత కొలనులో వెల్లకిలా తేలడం అలవాటు చేయండి. మా చిన్నప్పుడు సొరకాయ బుర్రలు వీపుకు కట్టి బావిలోకి దింపేవాళ్లు. ఈత వచ్చిందంటే వచ్చింది, కానీ ఆ పద్ధతి మీరు వాడమని చెప్పను. పడవలో పిల్లలకు నేను పెట్టింది ఒకటే ఆట: ఏ పక్షి లేచినా తల తిప్పాలి గానీ నడుము కదలకూడదు. ఎవరు కదిలితే వాళ్లు ఔట్. మా అన్న కొడుకు ఇప్పటికీ ఆటోలో కూడా ఇదే ఆడతాడు.

గాలానికి పులికాట్ దాకా పోనక్కర్లేదు, ఊరి చెరువు చాలు. అయితే మన దగ్గర చాలా చెరువుల్ని చేపల కోసం ఎవరో ఒకరు వేలం పాటలో పాడుకుని ఉంటారు. మొదటి పాఠం అక్కడే. నేను దూరంగా నిలబడి, చెరువు పాడుకున్నాయన్ని పిల్లల చేతే అడిగించాను: "మామా, రెండు చేపలు పట్టుకోవచ్చా?" ఆయన నవ్వి సరేనన్నాడు. అడక్కుండా వేసుంటే అది దొంగతనమేనని వాళ్లకు నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

గాలపు ముల్లుకు లోపలి వైపు చిన్న కొన ఉంటుంది చూశారా, దాన్ని ప్లయర్స్‌తో నొక్కేయండి. చేప నోట్లోంచి తేలిగ్గా వస్తుంది. పిల్లాడి వేలికి గుచ్చుకున్నా తేలిగ్గానే వస్తుంది (మావాడికి గుచ్చుకుంది). చేపను తడి చేత్తోనే పట్టుకోవాలి. ఒంటిమీది జిగురు పోతే దానికి జబ్బులు పట్టుకుంటాయి. ముల్లు లోపలికి మింగేసుంటే పీకొద్దు, దారం నోటి దగ్గర కత్తిరించేయండి. జెల్ల పడితే పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. రెక్కల ముల్లు దిగిందంటే సాయంత్రం దాకా ఏడుపే.

ఇక వదిలేయడం. అన్నీ వదిలేయమంటే పిల్లలకు విసుగు, నాకూ విసుగే. ఇంటికి పులుసుకు తెచ్చుకోవడంలో తప్పేమీ లేదు. ఏది వదలాలో, ఎందుకో తెలియాలి, అంతే. జిలేబి చేప (తిలాపియా) చిన్నదైనా మేము ఉంచేసుకుంటాం. అది ఆఫ్రికా చేప, మన దేశానికి 1952లో తెచ్చారు. తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది కాబట్టి ఎక్కడ చూసినా అదే, మన చేపలకు చోటు మిగల్చదు. కొర్రమీను సంగతి వేరు. వానాకాలంలో చెరువు అంచున గచ్చకాయంత బుడగలు లేస్తూ, ఎర్రటి చిన్న పిల్లల గుంపు నీటి పైన చుట్లు తిరుగుతుంటే అవి కొర్రమీను పిల్లలు. వాటి కిందే పెద్దది కాపలా కాస్తూ ఉంటుంది. దగ్గరకొచ్చిన దేన్నైనా కొడుతుంది కనుక ఎర వేస్తే ఇట్టే పడుతుంది. దాన్ని పట్టేస్తే కాసేపట్లో ఆ గుంపును మిగతా చేపలు ఖాళీ చేసేస్తాయి. మేము అక్కడ పావుగంట కూర్చుని చూసి వచ్చేశాం. ఆ రోజు ఒక్క చేపా తేలేదు.

పీతలైతే ఇంకా తేలిక. తిరగేసి పొట్ట మీది మూత చూడమనండి. సన్నగా ఉంటే మగ, వెడల్పుగా ఉంటే ఆడ. మూత కింద పసుపో నారింజో ముద్దలా కనబడితే అవి గుడ్లు, నీళ్లలోకి వదిలేయాలి. ఇప్పుడు చేపల మార్కెట్‌లో కూడా మా పాప పీతల్ని తిరగేస్తుంటే అమ్మే ఆవిడ కసురుకుంటుంది.

దారం ముక్కలు మాత్రం ఒక్కటి కూడా ఒడ్డున వదలొద్దు. నైలాన్ దారం కాలికి చుట్టుకున్న కొంగను పిల్లలు ఒకసారి చూశారు, ఆ తర్వాత నేను గుర్తు చేయాల్సిన అవసరం రాలేదు.

సముద్రానికి మీరు వేసవిలో వెళ్తే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట నిషేధం కాబట్టి మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. మా పాప "చేపలకు కూడా సెలవులా?" అంటే మా మేనమామ "సెలవులు మాకమ్మా, అవి గుడ్లు పెట్టే పనిలో ఉన్నాయి" అన్నాడు. పిల్లల్ని అప్పుడు తీసుకెళ్తే మంచిది. వేట లేక జాలర్లు వలలు బాగుచేసుకుంటూ కూర్చుని ఉంటారు, మాట్లాడే తీరిక ఉంటుంది.

ఫిబ్రవరిలో తూపిలిపాళెం తీరాన చచ్చిన తాబేలు కనబడింది. "నీళ్లలో ఉండేది నీళ్లలో ఎలా మునుగుతుంది?" అని మావాడు అడిగాడు. తాబేలుకూ మనలాగే ఊపిరితిత్తులున్నాయి, వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడదు. తాబేలు బయటపడడానికి తలుపున్న వలలు ఉన్నాయని కూడా చెప్పాను. మామ ఇంకో మాట దాచకుండా చెప్పాడు: ఆయన చిన్నతనంలో ఇసుక తవ్వి తాబేలు గుడ్లు తెచ్చి ఉడికించుకుని తిన్నారట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది ఇప్పుడు నేరం. పిల్లలు ఆయన్ని కోపంగా చూశారు. ఆయన తల దించుకున్నాడు గానీ, ఆ మాట వాళ్ల మనసులో నిలిచినంతగా నా పాఠాలు నిలవలేదు.

అలల్లో మోకాలు దాటి దిగనివ్వకండి. లోపలికి లాగుతుంటే ఒడ్డు వైపు కొట్టుకోకుండా పక్కకు, తీరం వెంబడి ఈదాలని నేర్పండి. కోస్ట్‌గార్డ్ నంబరు 1554 ఫోన్‌లో వేసుకోండి.

ఆరేళ్ల పాపకు ఈసారి గాలం వద్దు. బకెట్ ఇవ్వండి, నీళ్లు మార్చడం, చేపలు లెక్కపెట్టడం తన పని. జాకెట్లు మాత్రం ఇక్కడే కొని తీసుకెళ్లండి, పిల్లల సైజు అక్కడ దొరుకుతుందని నమ్ముకోబాకండి. మా పాపది చిన్నదైపోయింది, కావాలంటే మీ అమ్మాయికి ఇస్తాను.