అద్దె మిగుల్తుందని పడవలో కాపురం పెడితే

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు, ఒక్కడినే, పనంతా ల్యాప్‌టాప్ మీదే. జీతంలో 40 శాతం అద్దెకే పోతోంది. 30 అడుగుల పాత సెయిల్ బోటు ఒకటి అమ్మకానికి వచ్చింది, సేవింగ్స్ మొత్తం పెడితే లోన్ లేకుండా కొనేయొచ్చు. రేవులో కట్టేస్తే కిరాయి కట్టాలి కాబట్టి దూరంగా లంగరేసుకుని అందులోనే ఉంటా, మిగిలిన అద్దె డబ్బు ఇన్వెస్ట్ చేస్తా. ఏమంటారు?

జవాబు: మరీ పిచ్చి ఆలోచనేం కాదండీ, అలా బతికేవాళ్ళు ఉన్నారు. నాకు భయమేసింది పడవ గురించి కాదు, "సేవింగ్స్ మొత్తం" అన్నారే, ఆ మాటకి. అద్దె ఎక్కడికీ పోదు, ఇప్పుడు ఒకటో తారీఖున చెప్పి వస్తోంది, పడవలో అయితే చెప్పాపెట్టకుండా ఒకేసారి మీద పడుతుంది.

ముందు లంగరు సంగతే చూడండి. పోటు మీద లోతు 5 మీటర్లు, నీటి మీద నుంచి పడవ ముక్కు ఇంకో మీటరు ఎత్తు అనుకుందాం, మొత్తం 6. మామూలు రోజుల్లో దానికి 5 రెట్లు, గాలి గట్టిగా ఉంటే 7 రెట్లు గొలుసు వదలాలంటారు, అంటే 42 మీటర్లు. ఆ పడవలో ఉన్న గొలుసు ఎంత పొడుగో, ఎంత తుప్పు పట్టిందో అడిగారా? లంగరు జారి మీ పడవ వెళ్ళి పక్కవాళ్ళ పడవకి తగిలితే ఆ రిపేరు బిల్లు కూడా మీదే.

తర్వాత కరెంటు. 12 వోల్టుల చిన్న ఫ్రిజ్ 5 ఆంపియర్లు లాగుతూ రోజులో సగం సేపు నడిచినా 60 ఆంపియర్ అవర్లు, ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, రాత్రంతా వెలగాల్సిన లంగరు లైటు కలిపి ఇంకో 30 వేసుకోండి. 200 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో పాడవకుండా వాడుకోగలిగేది సగమే, అంటే ఎండ లేక సోలార్ ప్యానెల్ పనిచేయకపోతే ఒక్క రోజు. మీ జీతం ఆ బ్యాటరీ మీదే నడుస్తుందని మర్చిపోకండి, లిథియం కొంటారో జనరేటర్ కొంటారో గానీ ఆ ఖర్చు పడవ ధరలోనే కలుపుకోవాలి. ఒడ్డుకి రావడానికి డింగీ అనే చిన్న పడవ, దానికో మోటారు, అది మీ స్కూటర్ లాంటిది, పోయిందంటే సరుకులకి కూడా దిక్కుండదు.

ఇంకోటి, ఎవరూ లెక్కలో వేసుకోరు. ఏడాదికో రెండేళ్ళకో పడవని పైకి లాగి, అడుగున పట్టిన నాచూ గుల్లలూ గీకి రంగు వేయించాలి. పడవలు బాగుచేసే అన్ని యార్డుల్లోనూ పడవలో ఉండనివ్వరు, కాబట్టి ఆ రోజులకి గది అద్దె కూడా. తడిసి మోపెడవడం అంటే ఇదేనేమో!

ఇన్సూరెన్స్ వాళ్ళకి "లంగరేసుకుని అందులోనే ఉంటాను" అని ముందే రాతపూర్వకంగా చెప్పండి. పాత పడవకి సర్వే, అంటే నిపుణుడు పడవని తనిఖీ చేసి ఇచ్చే రిపోర్టు, అడుగుతారు, కొందరు అసలు ఇవ్వమంటారు. దాచిపెట్టి తీసుకుంటే క్లెయిమ్ రోజున చేతులెత్తేస్తారు. పడవ మునిగితే బయటికి తీయించే ఖర్చు మామూలుగా ఓనర్ మీదే పడుతుంది, అది పడవ ధర కంటే ఎక్కువవ్వచ్చు. అలాగే చాలాచోట్ల ఇన్ని రోజులకి మించి లంగరేసి ఉండకూడదని రూలు ఉంటుంది, టాయిలెట్ ట్యాంకు ఎక్కడ ఖాళీ చేయాలన్నదానికీ రూల్స్ ఉంటాయి, మీరు ఉండాలనుకున్న చోట రేవు అధికారుల్ని అడిగాకే మిగతా మాట.

నా లెక్క చెప్తా. మీ సేవింగ్స్ 100 అనుకుంటే పడవకి 40 దాటొద్దు, మొదటి ఏడాది బాగుచేతలకి 25, మిగతా 35 ముట్టుకోవద్దు, అందులోనే మళ్ళీ ఇంట్లోకి మారాల్సొస్తే కట్టాల్సిన అడ్వాన్స్ కూడా ఉంది. పడవ ధరలో ఏడాదికి 10 శాతం మెయింటెనెన్స్ అనే లెక్క ఒకటి చెప్తుంటారు, పాత పడవకి అది నమ్మకండి, మీరు చవగ్గా కొన్నారని తెరచాపకీ గొలుసుకీ తెలీదు కదా. దాని బదులు ఇప్పుడు కడుతున్న అద్దెలో సగం రెండేళ్ళపాటు నెలనెలా వేరే అకౌంట్లో పడవ పేరున వేయండి, ఇన్వెస్ట్‌మెంట్ మిగతా సగంతోనే. మీ ఆస్తుల లిస్టులో పడవ విలువ సున్నా అని రాసుకోండి.

ఈ లెక్క ప్రకారం మీరు చూసిన పడవ మీకు ఎక్కువ, ఇంకా చవకది దొరుకుతుందేమో చూడండి లేదా ఇంకో ఏడాది కూడబెట్టండి. ఈలోపు గాలివాన ఉండే నెలలో ఎవరిదైనా పడవ అద్దెకి తీసుకుని అందులోనే ఉండి ఆఫీసు పని చేసి చూడండి. అయినా ఇదే కావాలంటే సర్వే రిపోర్టు, ఇన్సూరెన్స్ కొటేషన్ రెండూ పంపండి, మళ్ళీ కూర్చుని చూద్దాం, అప్పటిదాకా అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి.