చెరువు పనికి ముందు చెరువు తెలిసినోళ్లని అడగండి

ప్రశ్న: మాది కోనసీమలో ఒక ఊరండి. ఊరి చెరువు చుట్టూ వాకింగ్ ట్రాక్, బెంచీలు, లైట్లు పెడతామని పంచాయతీ వాళ్లు ప్లాన్ వేశారు, అందరికీ సంతోషమే. కానీ ట్రాక్ కోసం తూర్పు పక్క కొంత పూడ్చి సిమెంటు గోడ లేపుతారట. రిటైరైన లస్కరు (కాలువల మీద లాకులు, తూములు చూసుకునే ఉద్యోగి) ఒకాయన, రేవులో బట్టలుతికే ఆడవాళ్లు "అటు గోడ కడితే పేట మునుగుద్ది" అంటున్నారు. ఇంజనీరు గారేమో అలాంటిదేమీ రికార్డులో లేదంటున్నారు. మేం కుర్రాళ్లం, ఎవరి మాట పట్టుకోవాలో తెలీట్లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: లస్కరు గారి మాట అస్సలు తేలిగ్గా తీసుకోకండి తమ్ముడూ. ఏళ్ల తరబడి లాకుల దగ్గరా తూముల దగ్గరా గడిపిన మనిషికి ఏ బోదెలో నీళ్లు ఎటు మళ్లుతాయో ఏ ఫైల్లోనూ లేనంత తెలుసుద్ది. మన డెల్టా నేల చూడ్డానికి బల్లపరుపులా ఉంటుంది గానీ కాదండి, గోదారి వరదలకి పొర్లి పోసిన ఒండ్రు వల్ల ఏటి పక్కనే నేల మెరకగా ఉండి దూరం పోయేకొద్దీ పల్లం అవుతూ వస్తుంది, అందుకే 1847-52 మధ్య కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాలం నుంచీ సాగునీటి కాలువలు మెరక మీదుగా పోతే మురుగు కాలువలు పల్లంలో పోతాయి. ఈ రెండిటి మధ్యలో మన ఇళ్లు, మన చెరువులు. ఇక్కడ ఒక అడుగు ఎత్తు తేడా ఉంటే చాలు, ఒక వీధి మునిగి పక్క వీధి పొడిగా ఉంటుంది. పేటలో పడ్డ వాన చెరువులోకి దిగే దారికి అడ్డంగా గోడ పెడితే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి చెప్పండి, పేటలోనే నిలబడతాయి.

అయితే ఇంజనీరు గారితో గొడవ పెట్టుకుని లాభం లేదు. ఆయన ఎక్కడినుంచో వచ్చి నాలుగు మండలాల పనులు చూసుకునే మనిషై ఉంటారు, రికార్డులో లేనిదాన్ని ఎస్టిమేట్‌లో ఎలా రాస్తారు? కాబట్టి ఊళ్లో నోటి మీద ఉన్నదాన్ని మీరు కాగితం మీదకి ఎక్కించాలి, ఇది కుర్రాళ్లు చేయగలిగిన పనే.

దానికి మీటింగ్ పెట్టకండి. మైకు పెడితే ఎప్పుడూ మాట్లాడే నలుగురే మాట్లాడతారు, రేవులో బట్టలుతికే ఆవిడ నోరు విప్పదు. ఆవిడ పని చేసుకునే చోటికే వెళ్లి మెట్ల మీద కూర్చుని అడగండి, వేసవిలో కాలువకి నీళ్లు ఆపేశాక చెరువు ఎన్ని మెట్లు దిగుద్దమ్మా, ఏ మెట్టు బయటపడ్డాక నీళ్లు వాసనొస్తాయి, గుర్రపుడెక్క ముందు ఏ మూల మొదలవుద్ది అని. రోజూ చూసేవాళ్లు కదా, తడుముకోకుండా చెప్తారు. చేపలు పట్టేవాళ్లకి అడుగున గుంటలు ఎక్కడున్నాయో, బురద ఎక్కడ నడుముదాకా ఉందో తెలుసుద్ది. గేదెల్ని తోలేవాళ్లని కూడా వదలకండి, ట్రాక్ చుట్టూ గ్రిల్ పెట్టేస్తే గేదెలు ఎక్కడ దిగాలి అన్న సంగతి ప్లాన్ గీసినవాళ్లకి తట్టదు.

పాత వరదల సంగతి అడిగేటప్పుడు ఉత్తినే సంవత్సరం చెప్తే పెద్దవాళ్లకి గుర్తురాకపోవచ్చు. 1986 ఆగస్టు వరద అంటే ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, ఆ ఏడాది మీ ఇంట్లో ఎవరి పెళ్లయింది, మీ పెద్దోడు అప్పటికి నడుస్తున్నాడా అని అడగండి. అలాగే 1996 నవంబరు తుఫాను, కొబ్బరిచెట్లు వేలకి వేలు పడిపోయిన తుఫాను కాబట్టి దాన్ని మన వైపు ఎవరూ మర్చిపోలేదు. అప్పుడు నీళ్లు మీ అరుగు ఎక్కాయా, ఎటునుంచి వచ్చాయి, ఎన్నాళ్లకి తీశాయి అంటే గోడ మీద చెయ్యి పెట్టి ఇదిగో ఇక్కడిదాకా అని చూపిస్తారు. ఆ చూపించిన చోట సుద్దతో గీత గీసి ఫోటో తీసుకోండి.

చెరువు చుట్టూ రెండు కాలాల్లో తిరగాలి. వేసవిలో కాలువలు కట్టేసి చెరువు దిగిపోయినప్పుడు మట్టిలో కూరుకుపోయిన పాత తూములు బయటపడతాయి, లస్కరు గారిని తీసుకెళ్తే ఏది లోపలికి ఏది బయటకి అన్నది ఆయనే చూపిస్తారు. రెండోసారి తొలకరి దాటాక గట్టి వాన పడుతున్నప్పుడే గొడుగులేసుకుని వెళ్లండి, పేట వీధుల్లోంచి నీళ్లు ఏ సందులోంచి చెరువు వైపు వస్తున్నాయో వీడియో తీయండి. ఇంజనీరు గారికి అంతకంటే పెద్ద రుజువు లేదు.

ఎత్తు లెక్క మీద అనుమానం ఉంటే తాపీ మేస్త్రిని పిలవండి. మేస్త్రిల దగ్గర లెవెల్ చూసే ప్లాస్టిక్ ట్యూబు ఉంటుంది కదా, అందులో గాలిబుడగలు లేకుండా నీళ్లు పోసి ఒక కొస పేట చివరి ఇంటి గుమ్మం దగ్గర, రెండో కొస గోడ రాబోయే చోట పాతిన కర్ర దగ్గర పట్టుకుంటే రెండు వైపులా నీళ్లు ఒకే మట్టంలో నిలబడతాయి. అక్కడినుంచి గుమ్మం ఎంత కింద ఉంది, గోడ పైఅంచు ఎంత పైన ఉంటుంది అన్నది టేపుతో కొలిచేయొచ్చు. దూరం ఎక్కువైతే మధ్యలో ఒకచోట ఆగి రెండు దఫాలుగా చూసుకోండి. పూట పని, డబ్బు ఖర్చు లేదు, కానీ పేట మునుగుద్ది అన్న మాటకి అడుగులూ అంగుళాలూ తోడవుతాయి.

ఇవన్నీ అయ్యాక ఊరి సచివాలయంలో సర్వేయర్‌ని అడిగి ఆ సర్వే నంబరు ఎఫ్ఎంబీ స్కెచ్ (హద్దులు, కొలతలు ఉండే సర్వే పటం) తీసుకుని దాని మీద తూములు, వాన నీళ్ల దారులు, రేవులు, గేదెల దిగుడు, వరద గీతలు అన్నీ ఎక్కించండి, ఎవరు ఏది చెప్పారో వాళ్లకి ఇష్టమైతే పేరు కూడా రాయండి. రెండు కాపీలు తీసి ఒకటి పంచాయతీ సెక్రటరీ గారికిచ్చి రెండోదాని మీద అందినట్టు సంతకం తీసుకోండి, గ్రామసభ అజెండాలో పెట్టమని అర్జీ కూడా జతచేయండి. పనికి సంబంధించిన ఎస్టిమేట్, డ్రాయింగ్ మీకు చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి, మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి దరఖాస్తు ఫీజు కూడా లేదు.

గ్రామసభలో ట్రాక్ వద్దని మాత్రం అనొద్దండీ, సాయంత్రం నాలుగు అడుగులు వేసుకోడానికి చోటు దొరికితే అందరికీ మంచిదే. తూర్పు పక్క పూడ్చకుండా, నీళ్లు దిగే చోట పైపులేసి, నిలువు గోడ బదులు ఏటవాలు గట్టుకి గడ్డి పట్టించి, గేదెలకి ఒక దిగుడు వదలమని అడగండి. ఇంకోటి, తర్వాత చెరువు చూసుకునే కమిటీ వేస్తే అందులో లస్కరు గారూ రేవు ఆడవాళ్లూ ఉండాలని తీర్మానంలో రాయించండి. వాళ్లకి తెలిసింది రాసుకుని వాళ్లని బయట కూర్చోబెట్టడం నాకు సుతరామూ నచ్చదు.

ప్రశ్న: పెద్దవాళ్లు చెప్పేదంతా నిజమనుకోవడమేనా? మా ఊళ్లో ఒకాయన మురుగు కాలువ ఇలా తవ్వాలంటాడు, అది ఆయన పొలానికే లాభం. (పశ్చిమ డెల్టా నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మంచి ప్రశ్న. ఎగువన ఉన్నవాళ్లకి తమ పొలంలో నీళ్లు తొందరగా తీసేస్తే చాలు, శివారు రైతుకి ఆ నీళ్లన్నీ తన మీద పడతాయని భయం, ఇద్దరూ చెప్పేది వాళ్లవైపునుంచి నిజమే. అందుకే ఒక్కళ్లని అడిగి ఆపకండి. ఎగువాయన్నీ శివారాయన్నీ కలిపి కాలువ గట్టు మీద నడిపించండి, ఒకళ్లు చెప్పేది రెండోవాళ్లు అక్కడికక్కడే సరిచేస్తారు. ఇద్దరూ ఒప్పుకున్నవి ఒక రంగులో, తేడా వచ్చినవి ఇంకో రంగులో మ్యాపులో పెట్టి, తేడా వచ్చినచోట వాన రోజున వెళ్లి చూసుకోండి. మురుగు తియ్యక చేలు మునిగితే ఏమవుద్దో మన వైపు అందరికీ తెలుసు, 2011లో కోనసీమ రైతులు పంట వెయ్యం అని పంట విరామం ప్రకటించినప్పుడు డ్రెయిన్ల బాధ కూడా అందులో ఒకటి.

ప్రశ్న: మా ఊరి పుంత రోడ్డు చిన్నప్పుడు రెండు ఎడ్లబళ్లు ఎదురెదురుగా పోయేంత ఉండేది, ఇప్పుడు ట్రాక్టరు పట్టట్లేదు, రెండు పక్కలా రైతులు పొలాల్లో కలిపేసుకున్నారు. అడిగితే మీకు హద్దులు తెలుసా అంటున్నారు. దారి ఉందా మాకు? (మధ్య డెల్టా నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఉందమ్మా. ఊరుమ్మడి స్థలాల ఆక్రమణలు తీసేయించాలని, అందుకు అన్ని రాష్ట్రాలూ పథకం తయారుచేసుకోవాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో చెప్పింది. అది పంజాబ్‌లో ఒక ఊరి చెరువు పోరంబోకు కేసు. అదే ఏడాది మన రాష్ట్రంలో పంచాయతీ ఆస్తులు కాపాడ్డానికి రూల్స్ కూడా వచ్చాయి. మీరు చేయాల్సింది, విలేజ్ మ్యాప్‌లో పుంత ఎంత వెడల్పు ఉందో చూసుకుని, సర్వే చేసి హద్దులు చూపించమని పంచాయతీకీ తహసీల్దారు గారికీ అర్జీ పెట్టడం. కొలత రోజున సర్వే రాళ్లు దొరక్కపోవచ్చు, చాలాచోట్ల పీకేశారు. అందుకే పుంత వెంబడి పాత తాటిచెట్లు ఏవేవి హద్దు చెట్లో, పాత రాయి ఎక్కడుండేదో తెలిసిన గీత కార్మికుల్నీ, ఆ దారిన బండి తోలిన పెద్దవాళ్లనీ ముందే కలిసి ఒప్పించి, సర్వేయర్ వచ్చేసరికి అక్కడ ఉండేలా చూసుకోండి. కలిపేసుకున్న రైతులకి కూడా ఆ తేదీ ముందే చెప్పండి, వాళ్లూ ఎదురుగా ఉండి కొలత చూస్తే తర్వాత గొడవ సగం తగ్గుద్ది.