ఆంబ్రీకి వెళ్తున్న మా అబ్బాయికి పెదనాన్న రాసేది

నాయనా,

స్విట్జర్లాండులోని ఐస్ హాకీ జట్టు ఆంబ్రీ-పియొట్టాతో ఒప్పందం కుదిరిందని మీ అమ్మ ఫోనులో చెప్పగానే ముందు గర్వపడ్డాను, ఆ వెంటనే భయపడ్డాను. రాత్రి నిద్ర పట్టలేదు. మన ఉత్తర స్వీడన్‌లో షెలెఫ్టియో ఊరి రింకులో, ఆ మంచు మైదానంలో, నీ ఎత్తుకు మించిన స్టిక్కు పట్టుకుని పడుతూ లేస్తూ తిరిగినవాడివి, ఇప్పుడు స్విస్ నేషనల్ లీగ్‌లో ఫార్వర్డ్‌వి. ఈ వార్తను ఊళ్ళో కనిపించిన ప్రతివాళ్ళకూ చెప్పాను. అడగనివాళ్ళకు కూడా చెప్పాను.

స్విస్ లీగ్ అంటే విశ్రాంతికి వెళ్ళే చోటని ఇక్కడ కొందరు అంటారు. వాళ్ళ మాట నమ్మకు. 2024 ఫిబ్రవరిలో యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ హాకీ లీగ్ ఫైనల్లో మన షెలెఫ్టియోను ఓడించింది స్విస్ జట్టు జెనీవా సెర్వెట్. ఆ రాత్రి నీ ముఖం నాకు గుర్తుంది. అదే వసంతంలో మనవాళ్ళు స్వీడన్ ఛాంపియన్లయ్యారు, అంటే అక్కడ ఓడింది ఆషామాషీ జట్టు కాదు.

మామూలు సంగతులు త్వరగా చెప్పేస్తాను. ఒప్పందాన్ని ఏజెంటుతో పాటు నువ్వూ చదువు. గాయమైతే జీతం ఎన్నాళ్ళు వస్తుందో, బీమా ఎవరు కడతారో, పన్ను ఎవరి లెక్కలోకి పోతుందో కాగితం మీద చూసుకో. ఆంబ్రీలో మాట్లాడేది ఇటాలియన్, ఇప్పుడే మొదలుపెట్టు, డ్రెస్సింగ్ రూములో ఇంగ్లిష్‌తో గడిచిపోయినా బేకరీలో గడవదు. కొండదారిలో రాత్రిపూట అలసిపోయి కారు నడపకు. ఆదివారం మీ అమ్మకు ఫోను చెయ్యి.

ఆంబ్రీ గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. గొట్టార్డ్ సొరంగానికి దక్షిణాన, లెవెంటీనా లోయలో కొన్ని వందల మంది ఉండే పల్లె అది. 1937లో పుట్టిన క్లబ్బు. ఇంతవరకూ ఒక్కసారి కూడా ఛాంపియన్ కాలేదు, అయినా ఆటరోజున ఆ టిచీనో రాష్ట్రం అంతటి నుంచీ జనం కొండెక్కి వస్తారు. పాత వలాస్కియా రింకు మంచుచరియలు విరుచుకుపడే చోట ఉండేది. 2021లో కొత్తది కట్టుకున్నారు, నమూనా గీసినవాడు వాస్తుశిల్పి మారియో బోట్టా. చలికాలంలో కొండల చాటున ఆ పల్లెలో ఎండ పొడ సరిగా కనిపించదు. మన ఉత్తరాది చీకటిలో పెరిగినవాడివి కాబట్టి చీకటి నిన్నేమీ చెయ్యదని అనుకుంటావు. కానీ ఇక్కడి చీకట్లో నీకు అమ్మ ఉంది, నేస్తాలు ఉన్నారు. అక్కడ ఆట ఓడిన రాత్రి ఒక్కడివే గదికి వెళ్తావు. అందుకని పెళ్ళాం పిల్లలున్న సహచరుడు ఎవరైనా భోజనానికి రమ్మంటే మొహమాటపడకు, వెళ్ళు. డిసెంబరు చివర్లో దావోస్‌లో స్పెంగ్లర్ కప్పు టోర్నమెంటు జరిగేటప్పుడు లీగ్ ఆగుతుంది. మీ జట్టు అందులో ఆడకపోతే నాలుగు రోజులు ఇంటికి వచ్చిపో.

ఇక ఆట. రింకు కొలతలు నీకు అలవాటైనవే. మారేది నీ స్థానం. ఇక్కడ నువ్వు వంతులవారీగా దిగే నాలుగు లైన్లలో ఒకడివి, గోల్ రాకపోయినా వెనక్కి పరుగెత్తి పక్‌ను, ఆ రబ్బరు బిళ్ళను, లాక్కుంటే కోచ్ మెచ్చుకుంటాడు. అక్కడ విదేశీ ఫార్వర్డ్ అంటే గోల్స్ కోసం తెచ్చుకున్నవాడు. జట్టు ఒక ఆటకు దింపగలిగేది ఆరుగురు విదేశీయుల్నే. 2022–23కు ముందు నలుగురే ఉండేవారు. మూడు వారాలు పాయింట్లు, అంటే గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు, రాకపోతే పేపర్లు అడుగుతాయి, ఆ తర్వాత మేనేజరు ఫోనులో వేరే పేర్లు వెతుకుతాడు. పవర్ ప్లేలో, అంటే ఎదుటివాడొకడు శిక్షపడి బయట కూర్చున్నప్పుడు, నిన్ను దాదాపు పూర్తి సమయం ఉంచుతారు. పక్కవాటంగా చుట్టూ తిరిగి అందంగా పాస్‌లు ఇవ్వడం మన స్వీడన్ పిల్లల జబ్బు, నీకూ ఉంది. గోల్‌కీపర్ కళ్ళెదుట నిలబడు. నీ గోల్స్ అక్కడ పుడతాయి.

జట్టులో ఎక్కువ పాయింట్లున్నవాడికి అక్కడ పసుపు హెల్మెట్, మంటల బొమ్మలున్న జెర్సీ తొడుగుతారు. దాని మీద వచ్చే డబ్బు పిల్లల హాకీకి పోతుంది, మంచి పనే. నువ్వు దాన్ని తొడుక్కుంటే నేనెంత సంతోషిస్తానో చెప్పలేను. కానీ దానికోసం షిఫ్టు, అంటే ఒక విడతలో మంచు మీద ఉండే సమయం, పొడిగించకు. నలభై అయిదు సెకన్లు అయ్యాయంటే బెంచికి రా. ఈ మాట మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో నువ్వు తెలుసుకోవాలి. ఇది మీ నాన్న కథ. రాయమని తనే అన్నాడు.

మీ నాన్న స్విట్జర్లాండులో రెండో డివిజన్‌లో ఆడేవాడు. అక్కడ ఒక జట్టుకు ఇద్దరే విదేశీయులు. క్లబ్బు ముగ్గురిని తెచ్చుకుంది: ఇతను, ఇద్దరు కెనడావాళ్ళు. ప్రతి ఆటకూ ఒకడు కోటు వేసుకుని స్టాండ్స్‌లో కూర్చోవాలి. ఆ కుర్చీ అంటే మీ నాన్నకు పిచ్చి భయం. అప్పుడు నేను రైలులో గంట దూరంలో ఇంకో జట్టుకు ఆడేవాణ్ణి. ఫోను చేస్తే గోల్స్ గురించి మాట్లాడేవాడు కాదు, స్టాండ్స్‌లో ఈసారి ఎవరు కూర్చున్నారో చెప్పేవాడు.

ఒక ఆటలో వాళ్ళు ఒక గోల్ వెనకబడి ఉన్నారు. మీ నాన్న బెంచికి రాకుండా మంచు మీదే ఉండిపోయాడు. నిమిషం దాటింది. కాళ్ళు పని చెయ్యడం మానేశాక మనిషి తల దించుతాడు, పక్ ఎక్కడుందో చూసుకోవడానికి. మధ్య గీత దగ్గర తల దించి వస్తుంటే ఎదుటి డిఫెన్స్‌మన్ భుజం వచ్చి దవడకు తగిలింది. లేచి నిలబడ్డాడు. తన బెంచి అనుకుని అవతలివాళ్ళ బెంచి వైపు స్కేట్ చేశాడు. జనం నవ్వారట.

డాక్టరు అడిగాడు: తల నొప్పిగా ఉందా, వాంతి వస్తోందా, లైట్లు గుచ్చుకుంటున్నాయా? మూడింటికీ లేదన్నాడు మీ నాన్న. మూడూ ఉన్నాయి. ఆ రాత్రి నాతో కూడా భుజం పట్టేసిందని చెప్పాడు. క్లబ్బు కూడా తరచి అడగలేదు, ఎందుకంటే మర్నాడు కాక మర్నాడే ఆట. స్టాండ్స్‌లో ఉన్న కెనడా కుర్రాడు అప్పటికే స్కేట్లకు సాన పట్టించుకుని సిద్ధంగా ఉన్నాడని మీ నాన్న తర్వాత చెప్పాడు. ఆ సాన చప్పుడే తన చేత అబద్ధమాడించిందట.

రెండో ఆటలో తగిలింది చిన్న దెబ్బ. మూలన అద్దానికి చెంప తగిలింది, అంతే. రిఫరీ ఈల కూడా వెయ్యలేదు. మీ నాన్న మోకాళ్ళ మీద కూలబడి లేవలేకపోయాడు. ఆ తర్వాత నెలల తరబడి కర్టెన్లు మూసిన గదిలో ఉన్నాడు. పేపరు చదవలేడు, టీవీ చూడలేడు, మీ అమ్మ గిన్నె పెట్టిన చప్పుడుకు ఏడ్చేవాడు. ఇరవై ఏడేళ్ళకు ఆట అయిపోయింది. నీ చిన్నప్పుడు నీ మ్యాచ్‌లకు మీ నాన్న నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వచ్చేవాడు కదా, నువ్వు సిగ్గుపడి వద్దనేవాడివి. అది డాబు కాదురా. రింకు లైట్లు ఇప్పటికీ ఓర్చుకోలేడు. అయినా నీ ఆట ఒక్కటి వదల్లేదు.

మెదడుకు మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే ఏమవుతుందో ఇప్పుడు డాక్టర్లకు తెలుసు. లక్షణాలు పూర్తిగా పోయేదాకా మెట్టుమెట్టుగా తిరిగి దింపే పద్ధతి ఉంది. కానీ ఆ పద్ధతి అంతా నీ నోటి మీద ఆధారపడింది. నువ్వు లేదంటే డాక్టరు చెయ్యగలిగింది చాలా తక్కువ.

నీ గదిలో మన హాకీ ఆటగాడు సాల్మింగ్ బొమ్మ ఉంది. ఉత్తరాన కిరూనా నుంచి 1973లో కెనడాలోని టొరంటో జట్టుకు వెళ్ళి, స్వీడన్‌వాళ్ళు పిరికివాళ్ళన్న ఎగతాళిని నోరెత్తకుండా తన ఒంటితో తుడిచేసిన మనిషి. 1986లో స్కేటు తగిలి ఆయన ముఖానికి రెండు వందలకు పైగా కుట్లు పడ్డాయి. ఆ బొమ్మ తీసెయ్యమనను, నేనూ ఆయన్ను చూసే పెరిగాను. అయితే కుట్లు అందరికీ కనిపిస్తాయి, డాక్టరు లెక్కపెట్టగలడు. తల లోపలిది నీకొక్కడికే తెలుస్తుంది. సాల్మింగ్ పేరు చెప్పుకుని దాన్ని దాచావంటే నేను ఊరుకోను. ఇది బతిమాలడం కాదు, గట్టిగానే చెబుతున్నాను.

నీ చోటు పోతుందేమో. పోనీ. ఇంకో విదేశీయుడు వస్తాడు, నాలుగు గోల్స్ కొడతాడు, జనం అతని పేరు అరుస్తారు. నీ లోపల ఎంత రగులుతుందో నాకు తెలుసు. ఆ రాత్రి నాకు ఫోను చెయ్యి, ఎంత రాత్రయినా సరే. తిట్టుకుందాం ఇద్దరం. నీకు నలభై ఏళ్ళు వచ్చాక నీ కొడుకు మ్యాచ్‌కి మామూలు కళ్ళతో వెళ్ళగలగాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

నీలో ఉన్న ఆ మొదటి మూడు అడుగుల వేగం మీ నాన్నది. నేనెంత సాధన చేసినా నాకు రాలేదు. లోయలో వాళ్ళు దాన్ని చూసి ఎంత మురిసిపోతారో తలుచుకుంటేనే నాకు కడుపు నిండిపోతుంది.

జూలైలో బయలుదేరే ముందు ఒక పూట మా ఇంటికి రా. మీ పెద్దమ్మ నీకోసం ఉన్ని మేజోళ్ళు అల్లుతోంది. అక్కడికి చేరిన మొదటి వారంలోనే జట్టు డాక్టరు పేరు, ఫోను నంబరు కనుక్కుని నాకు రాసి పంపు. ఆయన ఏ భాష మాట్లాడతాడో కూడా రాయి, నాకు జర్మన్ కొంచెం వచ్చు.

నీ పెదనాన్న