హ్యాచరీ ట్యాంకు లాగర్: గ్రాఫ్ నడుస్తోంది, ఫైల్ ఆగిపోయింది

హ్యాచరీలో, అంటే చేప, రొయ్య పిల్లల్ని పుట్టించి పెంచే చోట, ట్యాంకు నీళ్ల వేడిని సెన్సర్‌తో కొలిచి ఫైల్‌లో రాసుకునే ప్రోగ్రాం ఈ లాగర్. దాని ఫైల్ ఆగిపోయింది, సెన్సర్ పాడైందా అని అడిగారు కదన్నా, సెన్సర్ బాగానే ఉంది. స్క్రీన్ మీద గ్రాఫ్ కదులుతూ, ఫైల్‌లో 11 గంటల తర్వాత లైను పడలేదంటే, ఆ టైముకి కొత్తపట్నం హ్యాచరీలో ఎవరో ఆ సీఎస్‌వీని (రీడింగులు కామాలతో విడదీసి రాసే ఫైల్) ఎక్సెల్‌లో తెరిచి వదిలేసుంటారు. ఎక్సెల్ మూసేదాకా ఫైల్‌కి తాళమే, లాగర్ అందులో రాయలేదు.

1. లాగర్ ప్రోగ్రాంని ఇప్పుడే ఆపొద్దు. అందరూ తప్పేది ఇక్కడే. కంగారులో స్టాప్ నొక్కి మూసేస్తారు, మెమరీలో ఉన్న రీడింగులు కూడా పోతాయి. ముందు 'సేవ్ యాజ్' లేదా 'ఎక్స్‌పోర్ట్' ఉందేమో చూసి, కొత్త పేరుతో డి డ్రైవ్‌లో సేవ్ చేయండి. సైజు సున్నా కేబీ కాదని చూసుకోండి.

2. తర్వాత ఎక్సెల్ మూయండి. సేవ్ చేయాలా అంటే వద్దనండి, తేదీలు, సెకన్లు మారిపోయే ప్రమాదం ఉంది.

3. లాగర్ సెట్టింగుల్లో రోజుకో కొత్త ఫైల్ పెట్టండి. ఆ ఫైల్‌ని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో మాత్రం పెట్టొద్దు, అక్కడ రాయడానికి విండోస్ మామూలుగా ఒప్పుకోదు.

4. మధ్యలో చూడాలంటే ఫైల్ కాపీ చేసి, ఆ కాపీనే తెరవండి. పిల్లల ట్యాంకులు చూసే కుర్రాళ్లకీ ఇది గట్టిగా చెప్పండి, రాత్రి నీళ్లు చల్లబడిన సంగతి ఆ ఫైల్‌లోనే తెలిసేది.