పరీక్ష పెట్టె కట్టేముందు

బిడ్డా,

సైన్స్ ఫేరుకు వాహకాలు (కరెంటు పంపేవి), బంధకాలు (పంపనివి) పరీక్షించే పెట్టె కడుతున్నవని మీ అమ్మ చెప్పింది. ఒక్క టార్చి బల్బుతోనే కడితే ఇనుప మేకుకు వెలుగుతది, ఉప్పునీళ్లకు వెలగదు. బల్బుకు 0.3 ఆంపియర్ దాకా కావాలె, నీళ్లు అంత పంపవు. చూసిన పిల్లలేమో ఉప్పునీళ్లు బంధకమని రాసుకొని పోతరు. అందుకే ఎర్ర ఎల్‌ఈడీ కూడా పెట్టు. దానికి రెండు మూడు మిల్లీ ఆంపియర్లు అందినా కంటికి ఆనుతది.

పెన్సిల్ సెల్లులు మూడు వరుసగా పెడితే 4.5 వోల్టులు. ఎల్‌ఈడీకి 220 ఓముల రెసిస్టర్ కలుపు, అది కరెంటును అదుపుల పెడతది. దాని మీద పట్టీలు ఎరుపు, ఎరుపు, గోధుమరంగు ఉంటయి. పొడుగు కాలు ప్లస్ దిక్కు. రెసిస్టర్ మానేస్తే, వస్తువును పట్టే రెండు క్లిప్పులు ఒకదానికొకటి తగలంగనే ఎల్‌ఈడీ మాడిపోతది. తెల్ల ఎల్‌ఈడీ తేకు: అదే 3 వోల్టులు తింటది, వస్తువుకు మిగిలేది తక్కువ. ఎర్రదానికి 2 చాలు. 3.8 వోల్టుల బల్బును రెసిస్టర్ లేకుండా వేరే స్విచ్చు మీద పెట్టు. ప్రతిసారీ ముందుగాల ఉత్త క్లిప్పులు రెండూ తగిలించి, వెలిగినంకనే వస్తువు పెట్టు.

మోసపోయేది పైపూతల దగ్గర. బోరు మోటారు వైండింగు తీగ రాగిదే, అయినా వెలగదు, మీద కరెంటు పంపని ఎనామిల్ పూత ఉంటది. రెండు కొసలు గరుకు కాగితంతో గీకితే బల్బు కూడా వెలుగుతది. తుప్పు పట్టిన మేకూ అంతే. చిప్స్ ప్యాకెట్ లోపల వెండి తీరు మెరిసినా ఎల్‌ఈడీ సాధారణంగా వెలగదు. అల్యూమినియం పలుచని పూతే, దాని మీద మళ్లీ ప్లాస్టిక్. గద్వాల చీర అంచు నుంచి ఊడిన జరిపోగు దొరికితే అది కూడా పెట్టు. వెండి జరి అయినా, రాగి తీగ మీద వెండిపూత జరి అయినా వెలిగిస్తది, ప్లాస్టిక్ జరి వెలిగించదు. అసలు వెండేనా అన్నది మాత్రం దీనితోని తేలదు.

పెన్సిల్‌ను రెండు దిక్కులా చెక్కి పెట్టు. 2బి అయితే హెచ్‌బి కంటె మంచిగ పంపుతది, గ్రాఫైట్ ఎక్కువ, మన్ను తక్కువ. బల్బు మసకగ వెలిగితే తప్పు అనుకోకు.

నీళ్లకు స్టీలు చెంచాలు రెండు ఒకదానికొకటి తగలకుండా, సెంటీమీటరు ఎడంతో ముంచు. మెడికల్ షాపులనో బ్యాటరీ షాపులనో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో మొదలువెట్టు, ఎల్‌ఈడీ వెలగదు. చిటికెడు ఉప్పేసి కలిపితే వెలుగుతది. మైనస్ చెంచా చుట్టూ బుడగలొస్తయి, అది హైడ్రోజన్. ఎక్కువసేపు ఉంచకు, ప్లస్ చెంచా పాడైతది. బోరునీళ్లకు మసకగ వెలుగుతది. మన నల్లగొండ దిక్కు ఎవరన్న ఒకరు ఫ్లోరైడ్ గురించి అడగక మానరు. నీళ్లల్ల కరిగిన లవణాలన్నీ కలిసి ఎల్‌ఈడీని వెలిగిస్తయి, అందుల ఫ్లోరైడ్ ఎంతో దీనికి తెలవదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందా లేదా అన్నది ల్యాబులనే చూడాలె.

ఇగ అసలు సంగతి. పచ్చి వేపపుల్ల పెట్టినా, నీ చేతులతో రెండు క్లిప్పులు పట్టుకున్నా ఎల్‌ఈడీ వెలగదు. అంటే ఒళ్లు బంధకమని కాదు. ఆరిన చర్మం వేల ఓములు అడ్డుపెడితే 4.5 వోల్టులు దాన్ని దాటలేవు. తడిస్తే ఒంటి నిరోధం వెయ్యి ఓముల దాకా దిగుతది. ఇంటి కరెంటు 230 వోల్టుల దగ్గర అది 0.23 ఆంపియర్, ప్రాణం తీసేటంత. పొలంల స్టార్టర్ డబ్బాకు వచ్చేది 415. పచ్చి కట్టెతో తెగిన తీగను జరుపబోయేటోళ్లు ఈ లెక్క మరుస్తరు. తీగ పడి ఉంటే దగ్గరికి పోవద్దు, కరెంటోళ్ల నంబరు 1912కు ఫోన్ చెయ్యాలె. ఈ పెట్టె క్లిప్పులు ప్లగ్గు దగ్గరికి పోనే పోవద్దు. అక్కడ పిల్లలను నమ్మకు, పెట్టె మీదనే రాసిపెట్టు.

చార్టు మీద రెండు వరుసలు చాలవు, మూడు గియ్యి: బల్బు వెలిగినవి, ఎల్‌ఈడీ ఒక్కటే వెలిగినవి, రెండూ వెలగనివి. మూడో వరుస తలమీద ‘బంధకాలు’ అని రాయకు, ‘4.5 వోల్టులకు వెలగనివి’ అని రాయి. ఫేరునాడు కొత్త సెల్లులు మూడు విడిగా పెట్టుకో, బల్బు వాటిని తొందరగా తాగేస్తది.

మీ పెద్దనాయన