డెకల్ షీట్ల కోసం నగలు తాకట్టా?

ప్రశ్న: పలాసలో జీడిపప్పు యూనిట్‌లో అకౌంటెంట్‌ని. జీతం 30,000, ఇంటి ఖర్చు 22,000. 1/72 స్కేల్ విమాన మోడళ్లకు బ్రిటన్, చెక్ దేశాల నుంచి పోస్టులో డెకల్ షీట్లు (నీళ్లలో నానబెట్టి మోడల్ మీద అంటించే గుర్తుల స్టిక్కర్లు) తెప్పిస్తాను. క్రెడిట్ కార్డు బాకీ 46,000 ఉంది, మినిమం డ్యూ కడుతున్నాను. బ్యాంకులో 9,000 ఉంది. ఎనిమిది మందిమి కలిసి 40,000కు ఆర్డర్ పెడితే పోస్టేజీ కలిసొస్తుంది. నా భార్య గొలుసు మీద గోల్డ్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దండి. పోస్టేజీలో మిగిలేది లెక్క వేశారు గానీ, కార్డులో పోయేది వేయలేదు. సరదా ఖర్చు దగ్గర చాలామంది చేసేది ఇదే. నెలకు మూడున్నర శాతం చొప్పున 46,000కు వడ్డీ 1,610, దాని మీద జీఎస్టీ 290. ఐదు శాతం లెక్కన మీరు కట్టే 2,300లో అసలుకు చేరేది 400. పాత బాకీ తీరేదాకా కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. అకౌంటెంట్ అయి ఉండి ఇది చూడకపోతే ఎలా?

మిగతా వాళ్లు పార్సిల్ వచ్చాక ఇస్తామంటే, వాళ్లందరికీ వడ్డీ లేని అప్పు ఇస్తున్నది మీరు. ఒకే షీటు ఎనిమిది కాపీలుంటే సొంత వాడకం అంటే కస్టమ్స్ ఒప్పుకోకపోవచ్చు, వ్యాపారానికే అనుకుంటే ఐఈసీ, అంటే దిగుమతిదారు కోడ్ నంబర్, అడుగుతారు. గిఫ్ట్ అని రాయించే ఎత్తు పనికిరాదు: రాఖీలు, ప్రాణరక్షక మందులు తప్పిస్తే గిఫ్టులకున్న సుంకం మినహాయింపు 2019 డిసెంబర్‌లోనే పోయింది.

నాకు బాకీ కంటే ఎక్కువ భయం ఆ 9,000 చూస్తే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను తీరం దాటింది మీ పలాస దగ్గరే. కరెంటు లేని రోజుల్లో ఏటీఎం పని చేయదు, కార్డు పని చేయదు. యూనిట్ ఆగితే జీతం మాటేమిటి? ఆరు నెలల ఖర్చు, అంటే 1,32,000 విడిగా ఉండాల్సిందే. అందులో పదివేలు ఇంట్లో నోట్లుగా, మిగతాది స్వీప్ ఎఫ్‌డీలో, అంటే అవసరమైతే ఖాతాలోంచే తీసుకోగల ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో. ముందు నెలకు 8,000 చొప్పున కార్డుకు కట్టండి, కొత్తగా గీకకపోతే ఏడో నెలలో తీరిపోతుంది. ఆ తర్వాత 7,000 ఈ నిధికి, 1,000 మీ విమానాలకు. ఏడాదిన్నరలో నిధి నిండుతుంది. మధ్యలో ఆరోగ్య బీమా తీసుకోండి. గొలుసు తాకట్టు తప్పదనుకుంటే అది కార్డు బాకీ తీర్చడానికే, అదీ బ్యాంకులోనే.

మళ్లీ ఆర్డర్ పెట్టే రోజు వచ్చాక చూసుకోవాల్సినవి కొన్ని. వెబ్‌సైటు ధరలో వ్యాట్ కలిసి ఉంటే, ఇండియా చిరునామా వేశాక అది తగ్గిందో లేదో చూడండి. బ్రిటన్‌లో అది 20 శాతం, చిన్న మొత్తం కాదు. చెల్లించేటప్పుడు రూపాయల్లో కడతారా అని అడిగితే వద్దని, అక్కడి కరెన్సీనే ఎంచుకోండి. చాలా కార్డులకు 3.5 శాతం ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీలో కడితే బ్యాంకు వేసే రుసుము), జీఎస్టీతో 4.13 అవుతుంది. షీటు వెయ్యి, పోస్టేజీ 600 అయితే 66 రూపాయలు. కస్టమ్స్ సుంకం కూడా షీటు ధర మీదే కాదు, పోస్టేజీ కలిపిన విలువ మీద. ట్రాకింగ్ ఉన్న పోస్టే అడగండి. ట్రాకింగ్ నంబర్ లేకపోతే పార్సిల్ ఎక్కడ ఆగిందో కనుక్కోలేరు.

చవగ్గా వస్తున్నాయని రెండేళ్లకు సరిపడా కొని పెట్టుకోకండి. మన సముద్రపు గాలి తేమకు షీట్లు పాడవుతాయి, పాతబడితే షీటు మీది పల్చటి ఫిల్మ్ పసుపెక్కి, నీళ్లలో వేయగానే ముక్కలు కావచ్చు. బల్ల మీద ఉన్న కిట్‌కు కావాల్సిన షీటే కొనండి, సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్లో పెట్టండి.